ఒక్క పడవకే నంబరు

రెండో దెబ్బ వెయ్యడానికి తిరుపతయ్య గొడ్డలి ఎత్తేసరికి జయశ్రీ పరుగున వచ్చి తెల్ల పడవకు అడ్డంగా నిలబడింది.

"జరుగు బిడ్డా."

"జరగ."

"నా మనుమరాలిని మింగినదాన్ని కండ్ల ముందర పెట్టుకొని నేను బువ్వ తినలేను. జరుగు!"

"సామ్యూల్ సారు వస్తనన్నడు మామా. ఆయన చూసిపోయినంక నరుకుతవో కాలబెడుతవో నీ ఇష్టం. అప్పటిదాంక ముట్టకు."

మొదటి దెబ్బకే పడవ పక్కన జానెడు గాటు పడింది. తెల్లటి ఫైబర్ చీలి లోపలి పోగులు బయటికి వచ్చాయి. డెబ్బై నాలుగేళ్ల మామ గొడ్డలి దించలేదు, కొట్టనూ లేదు. రొప్పుతూ అలాగే నిలబడ్డాడు. చివరికి గొడ్డలిని ఇసుకలోకి విసిరేసి, పక్కనే ఉన్న నల్ల పడవ నీడలోకి వెళ్లి కూలబడ్డాడు.

ఆ నల్ల పడవ ఆయన చేసింది. నలభై ఏళ్ల కిందట టేకు చెక్క కోయించి, తన చేతులతోనే పలక పలకా బిగించాడు. అందులో మట్టి పొయ్యి ఉంది, పైన వెదురు తడికల గూడు ఉంది. వయసులో ఉన్నప్పుడు భార్య ఈరమ్మను ఎక్కించుకొని, తెరచాప ఎత్తి, చేపల కోసం కృష్ణలో పదిహేనేసి రోజులు తిరిగేవాడు. వంటా పడకా అన్నీ అందులోనే. బరువైన పడవ. మెల్లగా పోతుంది. కానీ ఎంత గాలి వచ్చినా బోల్తా పడ్డది లేదు.

తెల్లది కొడుకు లక్ష్మణ్ పోయిన ఏడాది చేయించింది. కొత్తకోట అవతల ఒక షెడ్డులో చేశారు. తెరచాపా ఉంది, మోటారూ ఉంది. నల్ల పడవ ముప్పావు గంటలో దాటే నీటిని ఇది పావుగంటలో దాటేది.

ఆ పడవే బోల్తా పడింది. జయశ్రీ కూతురు వర్ష పోయి నేటికి ఇరవై ఏడు రోజులు.

జూరాల వెనక నీళ్లలో ఉన్న ఈదులగడ్డ దీవిలో అరవై గడపలు. వంతెన లేదు. ధరూర్ వైపు ఒడ్డుకు పోవాలంటే రెండు తరాలుగా ఈ ఇంటి పడవే దిక్కు. ఆ పిల్ల పోయిన నాటి నుంచి రేవు మూతపడింది. పాలు అమ్ముడుపోక ఇళ్లలోనే విరిగిపోతున్నాయి. పోయిన వారం ఊళ్లో జంగమ్మ కోడలిని చిన్న గుండ్రటి పుట్టిలో దవాఖానకు తీసుకుపోతుంటే నడి నీళ్లలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

ప్రమాదం తర్వాత పడవలకు లైసెన్సులిచ్చే ఆఫీసు వాళ్లు ఒక షరతు పెట్టారు. ఇంటికి ఒక్క పడవ. పరీక్ష చేసి నంబరు వేసిన పడవలోనే మనుషుల్ని ఎక్కించాలి. రెండోదాన్ని విరగ్గొట్టాలి. ఈ రోజు ఏదీ తేలకపోతే మళ్లీ వానలు వెనకపట్టాకే వస్తామన్నారు.

జయశ్రీ ఇంటి వైపు చూసింది. అరుగు మీద లక్ష్మణ్ నీళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇరవై ఏడు రోజులుగా అంతే. తండ్రి గొడ్డలి పట్టుకొని రేవుకు దిగినప్పుడు చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

"ఏమయ్యా, నీ పడవను నరుకుతుంటే నీకేం పట్టదా?" అంది దగ్గరికి వెళ్లి.

లక్ష్మణ్ అరుగు మీది మట్టిని గోటితో గీకాడు.

"సారు వచ్చి ఏ పడవకు నంబరెయ్యాలె అంటే నేనేం చెప్పాలె?"

"నాకు తెల్వదు."

"మరి ఎవరికి తెలుస్తది? పడవ నడిపింది నువ్వు."

ఆ మాట నోరు దాటాక గాని అదెక్కడ తగులుతుందో ఆమెకు తోచలేదు. లక్ష్మణ్ కళ్లు మూసుకున్నాడు.

లోపలి నుంచి అత్త ఈరమ్మ గొంతు వచ్చింది. "ఏ పడవ వద్దు, ఏ నంబరు వద్దు. గద్వాలల ఒక అర్ర కిరాయికి తీసుకొని బతుకుదాం. ఈ నీళ్లు నాకొద్దు. చెప్తుంటే ఎవ్వరు ఇనరు. ఈ ఇంట్ల నా మాట ఎవలిన్నరు గనుక?"

"మనం పోతె ఊరేం గావాలె అత్తా?"

"ఊరు మన పిల్లను తెచ్చిస్తదా?"

జయశ్రీ మళ్లీ రేవు వైపు నడిచింది.

* * *

సామ్యూల్ ఆఫీసు మోటారు బోటులో వచ్చాడు. నాగర్‌కర్నూల్ మనిషి, యాభై దాటినవాడు. పడవలు పరీక్ష చేసి కాగితం రాయడం ఆయన పని. వచ్చీ రాగానే ఇంటి వాళ్లందరికీ చేతులు జోడించాడు. వర్ష సంగతి ఎత్తలేదు. అందుకు జయశ్రీ మనసులోనే దండం పెట్టుకుంది.

"ముందుగాల నాది చూడు సారూ," అన్నాడు తిరుపతయ్య లేచి, పంచె దులుపుకుంటూ. "నలభై ఏండ్లు. ఒక్క మనిషికి కాలు తడవలే. ఈ గాలికి బరువున్న పడవ గావాలె గానీ, గీ ప్లాస్టిక్ డబ్బాలు ఆగుతయా?"

"చూస్త పెద్దాయనా."

సామ్యూల్ నల్ల పడవ చుట్టూ తిరిగాడు. చుక్కాని ఊపి చూశాడు. తెరచాప గుంజ పట్టుకొని బలంగా కదిపాడు. తర్వాత ఇసుకలో మోకాళ్ల మీద కూర్చొని, అడుగు పలకల మీద చిన్న సుత్తితో టకటకా కొడుతూ పోయాడు. ముందు చెక్క చప్పుడు గట్టిగా వచ్చింది. మధ్యకు వచ్చేసరికి మారిపోయింది.

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. తారు పూసిన చోట ఆనించి నొక్కాడు. అది పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట తడి రంపపు పొట్టులాంటిది రాలింది.

ఆయన ఇంకో చోట నొక్కాడు. అక్కడా దిగింది.

"పెద్దాయనా, ఇది ఎన్నేండ్ల సంది గిట్లున్నది?"

"ఏది?"

"లోపల చెక్క లేదు. వట్టి తారు మీద నిలవడ్డది పడవ."

"ఏంది సారూ, నీకు చెక్క గురించి ఎరుకేనా? టేకుది అది!"

"మామా," అంది జయశ్రీ నెమ్మదిగా. "నీకు తెల్సా?"

తిరుపతయ్య కోడలి ముఖం వైపు చూడలేదు. పడవ అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"రెండేండ్లాయె. ప్రతి ఎండకాలం నార కుక్కి తారు పోస్తున్న. పలక మార్చాలంటే మొత్తం విప్పాలె. ఇప్పితే మళ్ల బిగించే బలం నా చేతుల్ల లేదు బిడ్డా. అది పాయెనంటే నేను దేనికి పనికొస్త?"

ఈ ఇరవై ఏడు రోజులూ ఆయన పొద్దున లేస్తే ఒకటే మాట. నా పడవల పోతె నా మనుమరాలు బతికేది. ఆ మాటతో కొడుకును అన్నం తిననివ్వలేదు. రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆ మాట పట్టుకొనే ఊరంతా లక్ష్మణ్‌ను వేలెత్తి చూపించింది.

ఆమె తిట్టాలనుకుంది. కానీ ఆయన చెయ్యి ఇంకా ఆ పడవ అంచును నిమురుతూనే ఉంది.

సామ్యూల్ కాగితం మీద ఏదో రాసుకొని తెల్ల పడవ దగ్గరికి నడిచాడు. గొడ్డలి గాటు చూసి, ఎవరు చేశారని అడగలేదు. "ఇది అతుకెయ్యొచ్చు" అని మాత్రం అన్నాడు. పడవ ఎక్కి అటు ఇటు నడిచాడు. ఒక కాలు మీద బరువు వేసి ఊపాడు. ఆయన నొసలు ముడిపడింది.

"ఇంత తేలిగ్గ ఊగొద్దే ఇది."

మధ్యలో ఉన్న పలకకు నాలుగు బోల్టులు ఉన్నాయి. స్పానర్ తీసి ఒక్కొక్కటీ విప్పాడు. పలక పైకెత్తి లోపలికి వంగి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు.

"దీంట్ల ఇనుప దిమ్మెలుండాలె. యాడున్నయి?"

"ఏం దిమ్మెలు?" అన్నాడు తిరుపతయ్య.

"పడవ తేలికది గదా. తెరచాపకు పక్కగాలి తగిలితే ఒరిగిపోకుండ అడుగున బరువు పెడ్తరు. షెడ్డోళ్లు రాసిచ్చిన కాయిదంల ఉన్నది, ఎనిమిది పెట్టినమని. ఒక్కటి లేదు." ఆయన తలెత్తి అందరినీ చూశాడు. "అవి లేకుండ చాప ఎత్తితే ఇది బోల్తా పడకుండ ఎట్లుంటది? ఎవరు తీసిండ్రు?"

"ఆ షెడ్డోళ్లే పెట్టలే! లంగ ముచ్చట్లు చెప్పి అంటగట్టిండ్రు మా పోరనికి!" అని తిరుపతయ్య అరిచాడు.

"నేనే తీసిన."

అందరూ వెనక్కి తిరిగారు. లక్ష్మణ్ అరుగు దిగి వచ్చి ఇసుక మొదట్లో నిలబడి ఉన్నాడు. నీళ్లకు ఇంత దగ్గరగా రావడం ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి.

"నేనే తీసిన సారూ. కొట్టంల గడ్డి కింద ఉన్నయి. బరువు లేకుంటే జల్ది పోతదని తీసిన."

తిరుపతయ్య వెళ్లి కొడుకు చెంప మీద కొట్టాడు. లక్ష్మణ్ కదల్లేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చెయ్యి ఎత్తి, కొట్టలేక, ఆ కొడుకు భుజం మీదే తల ఆనించి ఏడ్చాడు.

ఈరమ్మ గడపలో నిలబడి చూస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

జయశ్రీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆమెకు జూన్ నెల చివరి రోజులు కళ్ల ముందుకు వచ్చాయి. వర్ష గద్వాలలో ఇంటర్ రెండో ఏడు. దీవి నుంచి పోయేసరికి రోజూ ఆలస్యమే. ఒకరోజు కాలేజీ గేటు మూసేసి వెనక్కి పంపారు. పిల్ల ఇంటికొచ్చి పుస్తకాలు విసిరేసి పడుకుంది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ తను భర్తతో అంది. "పడవల ఆ బరువేందో జర తగ్గియ్యరాదూ? నువ్వే అంటివి గద, కింద ఇనుము నింపిండ్రని. అది లేకుంటే ఇంకింత జోరుగ పోదా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. మరుసటి రోజు వర్ష గంట కొట్టక ముందే కాలేజీలో ఉంది. ఆ తర్వాత నాలుగు రోజులూ అంతే. ఏం చేశావని జయశ్రీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆమెకు తెలుసు.

ఆరో రోజు పడమటి గాలి లేచింది.

ఇప్పుడు చెప్పాలి. తీయమన్నది నేనే అని ఇప్పుడే, అందరి ముందరా చెప్పాలి. ఆమె చెప్పలేదు. లక్ష్మణ్ ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా జాగ్రత్త పడుతున్నాడని ఆమెకు అర్థమైంది.

సామ్యూల్ కాగితం మడిచి పట్టుకున్నాడు.

"లక్ష్మణ్, నేను ఇయ్యాల ఏం చూస్తే అది రాయాలె. ఆ దిమ్మెలు తెచ్చి పెట్టుండ్రి. ఉన్నయని రాస్త. అప్పుడు ఏమైందో రాసుడు నా పని కాదు."

"వద్దు సారూ. తీసిండని రాయి."

"రాస్తే ఏమైతదో తెలుసా నీకు?"

"పోలీసోళ్లకు గాలికి పడ్డదని చెప్పిన. అబద్ధం చెప్పిన. ఇరవై ఏడు రోజుల సంది నాకు బువ్వ దిగుతలేదు. రాయి సారూ, నీకు పుణ్యముంటది."

ఈరమ్మ అప్పుడు కదిలింది. ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. "మనుమరాలు పాయె. ఇగ నువ్వు గూడ పోతవారా? నేనేం జేసిన్నురా మీకు?"

లక్ష్మణ్ తల్లి చెయ్యి విడిపించుకోలేదు. మాటా మార్చుకోలేదు.

సామ్యూల్ జయశ్రీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నల్లది పనికిరాదు. తెల్లదానికి బరువు పెడితే పనికొస్తది. నంబరెయ్యమంటవా, రేవు బందు పెట్టమని రాయమంటవా? ఇంట్ల ఇంక ఎవరిని అడగాలె నేను?"

జయశ్రీకి జంగమ్మ కోడలు గుర్తొచ్చింది. పుట్టిలోంచి దిగి, గుడ్డలో చుట్టిన బిడ్డను ఎవరికీ ఇవ్వకుండా ఇంటిదాకా తనే మోసుకుపోయింది.

"తెల్లదానికి వెయ్యి సారూ."

"నా మనుమరాలిని మింగినదానికా?" అన్నాడు తిరుపతయ్య. గొంతులో కోపం లేదు.

"అది మింగలే మామా," అంది జయశ్రీ. తీయమన్నది నేనే అని మాత్రం ఇప్పుడూ అనలేదు.

* * *

దిమ్మెలు కొట్టంలోంచి రేవుకు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. లక్ష్మణ్ రెండు, జయశ్రీ రెండు మోశారు. మిగిలినవి తిరుపతయ్య ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒక్కొక్కటీ పొట్టకు ఆనించుకొని, నాలుగడుగులకొకసారి ఆగుతూ తనే తెచ్చాడు. సామ్యూల్ వాటిని పేర్చి, పలక బిగించి, గాటు మీద అతుకు వేశాడు. నీలిరంగుతో నంబరు రాసి, తడి ఆరకముందే తన బోటు ఎక్కి వెళ్లిపోయాడు.

"నన్ను అవతల దింపు," అన్నాడు లక్ష్మణ్ భార్యతో. "గద్వాల పోయి స్టేషన్ల చెప్పొస్త."

"రేపు పోరాదూ?"

"రేపైతే పోలేను."

జయశ్రీ చుక్కాని పట్టుకుంది. మునిగిన నాటి నుంచి మోటారు పని చెయ్యడం లేదు. ఆమెకు వచ్చింది ఈ ఇరవై రోజులుగా ఒడ్డు వెంట లోతులేని నీళ్లలో, నల్ల పడవ మీద మామ నేర్పినంత మాత్రమే. లక్ష్మణ్ పడవలోకి కాలు పెట్టడానికి మూడుసార్లు ముందుకు వచ్చి మూడుసార్లు వెనక్కి పోయాడు. నాలుగోసారి ఎక్కి, రెండు చేతులతో అంచు పట్టుకొని కూర్చున్నాడు.

"చాప సగమే ఎత్తు," అన్నాడు.

ఆమె సగమే ఎత్తింది. గాలి తగిలి పడవ ఒరిగింది. అడుగున బరువు దాన్ని ఆపి, మెల్లగా నిలబెట్టింది. ఇద్దరూ అది గమనించారు. ఆ రోజు కూడా ఇట్లాగే నిలబడేది.

నడి నీళ్లకు వచ్చారు. ఎక్కడ జరిగిందో ఆమె అడగకుండానే అతని ముఖం చెప్పింది.

"ఆ దినం నవ్వుతుండె," అన్నాడు. "ఇయ్యాల అందరికన్న ముందు నేనే పోత నాయినా, అన్నది. గాలి ఒక్కసారే వచ్చింది. నాయినా, తాడు ఇడువు, తాడు ఇడువు అని మొత్తుకున్నది. తాడు నా చేతులనే ఉండె. ఇడిస్తే చాప వాలిపోతుండె. నేను ఇడువలే. ఇంకింత జోరుగ పోతది, ముందుగాల చేరుకుంటం అనుకున్న."

జయశ్రీ చాపను ఇంకో మూర దించింది.

"నాతోని ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వన్న మాట నీకు యాదికొస్తది."

"నాకు యాదికి లేదనుకున్నవా?"

అతను అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల వంచుకున్నాడు.

"నువ్వు ఏడ గూడ నోరిప్పకు. స్టేషన్ల నేనొక్కణ్ణే చెప్త. తీసింది నేను, నడిపింది నేను, తాడు పట్టుకున్నది నేను. నువ్వన్నది ఉత్తమాట. అమ్మ, నాయిన ముసలోళ్లయిండ్రు. ఇంట్ల ఒకరన్న ఉండాలె."

ఆమె చుక్కానిని ధరూర్ రేవు వైపు తిప్పింది.

ధరూర్ వైపు రేవులో షేర్ ఆటో ఒకటి ఆగి ఉంది. జయశ్రీ పడవను కట్టి వెనక్కి చూసింది. ఇరవై ఏడు రోజుల తర్వాత నడి నీళ్ల మీద తెరచాప కనబడేసరికి దీవిలో జనం ఒడ్డుకు వచ్చారు. పాల క్యాన్లు మోసుకొని కొందరు, చంకలో మూటలతో కొందరు. ఆమె మళ్లీ వస్తుందనీ తమను దాటిస్తుందనీ వాళ్లు నిలబడ్డారు.

"గద్వాలకేనా?" అన్నాడు ఆటో అతను. "ఒకరా, ఇద్దరా?"

"ఒక్కణ్ణే," అని లక్ష్మణ్ ఎక్కి కూర్చున్నాడు.

ఆటో స్టార్టయింది. జయశ్రీ కొంగు నడుముకు దోపుకుంది. పరుగెత్తలేదు. మామూలుగా నడిచి వచ్చి, భర్తను జరగమని, పక్కన కూర్చుంది.

"ఇద్దరం. పోలీస్ స్టేషన్ కాడ దింపు."

"నీకు చెప్పలేదా నేను?" అన్నాడు లక్ష్మణ్ గొంతు తగ్గించి. "దిగు. ఊరోళ్లు చూస్తుండ్రు."

"బరువు తగ్గియ్యమన్నది నేను. ఇందాక అందరి ముందర నీ నాయిన నిన్ను కొడుతుంటే నోరు మూసుకొని చూసిన. ఇంకొకసారి గట్ల చూడలేను."

"ఇద్దరం పోతే వాళ్లేం గావాలె? రేవేం గావాలె?"

"తెల్వదు."

ఆటో అతను అద్దంలోంచి ఇద్దరినీ చూశాడు. తర్వాత తల బయటికి పెట్టి, నీలిరంగు నంబరు ఇంకా సరిగ్గా ఆరని పడవనూ అవతలి ఒడ్డున పెరుగుతున్న జనాన్నీ చూశాడు.

"ఏందమ్మా, పడవను గట్లనే ఇడిసిపెట్టి వస్తుండ్రు? వాళ్లంత నీ కోసమే నిలవడ్డట్టున్నరు. మళ్ల ఎన్నిటికొస్తవు?"

"ముందు స్టేషన్‌కు పోనియ్యి," అంది జయశ్రీ.